ఓటరు జాబితాలో మన ఇల్లు

ఓటు వేసేకి పోతే బూత్‌లో మన ఇంటి చిరునామా నిజమా కాదా అని చూస్తారా? సోషల్ క్లాసులో ఎన్నికల పాఠం జరిగేటప్పుడు ఈ ప్రశ్న వచ్చింది. సగం మంది చూస్తారన్నారు, సగం మంది చూడరన్నారు. మా సార్ జవాబు చెప్పకుండా, "ఇంట్లో పెద్దవాళ్ల కార్డులు చూడండి, వాళ్లను అడగండి, చరిత్ర కూడా చదివి రాసుకొని రండి" అన్నారు. నేను రాసిన వ్యాసం ఇది.

మొదట మా అవ్వ కార్డు చూశాను. ప్లాస్టిక్ కవర్ పసుపు రంగుకు తిరిగింది. ఫోటోలో అవ్వ ముఖం సగమే తెలుస్తుంది. దాని మీద జిల్లా కోలారు అని ఉంది. మా మురుగమల్ల చింతామణి తాలూకాలో ఉంది. చింతామణి 2007 వరకు కోలారు జిల్లాలో ఉండేది. ఆ ఏడాది చిక్కబళ్లాపురం కొత్త జిల్లా అయ్యింది. ఇల్లు కదల్లేదు, అవ్వ కదల్లేదు, జిల్లా మాత్రం మారిపోయింది. ఆ తరువాత నియోజకవర్గాల హద్దులు కూడా మళ్లీ గీశారు. ఆ కొత్త హద్దులతో మొట్టమొదట శాసనసభ ఎన్నికలు జరిగింది కూడా మన కర్ణాటకలోనే, 2008లో. ఇంకో వింత ఉంది. జిల్లా చిక్కబళ్లాపురం అయినా చింతామణి వాళ్లం లోక్‌సభకు ఓటు వేసేది కోలారు నియోజకవర్గంలో. పక్క తాలూకా బాగేపల్లి వాళ్లు చిక్కబళ్లాపురం నియోజకవర్గంలో వేస్తారు. ఒకే జిల్లా వాళ్లకు ఇద్దరు ఎంపీలు!

మరి కార్డు మీద పాత జిల్లా ఉంటే అవ్వ ఓటు చెల్లుతుందా? ఇన్నేళ్లుగా చెల్లింది. అవ్వను అడిగితే, "ఆ కార్డు ఎవురు చదివినారు పాపా? పట్టీలో పేరుందా లేదా అని చూస్తారు, అంతే" అంది. చదువు రాని మా అవ్వ చెప్పిన ఈ మాటే ఎన్నికల సంఘం అధికారులకు ఇచ్చే పుస్తకంలో కూడా ఉంది. కార్డులో చిన్న చిన్న అక్షర దోషాలు ఉన్నా, మనిషి ఆ మనిషే అని తెలిస్తే ఓటు ఇవ్వాలి. వేరే నియోజకవర్గంలో ఇచ్చిన కార్డు అయినా సరే, ఇక్కడి జాబితాలో పేరు ఉంటే ఒప్పుకోవాలి. అదే కొత్త కార్డు చేతిలో ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు. అక్షర దోషాల మాట మా ఊరికి చాలా అవసరం. మేము ఇంట్లో తెలుగు, బయట కన్నడ, బజారులో ఉర్దూ కలిపి మాట్లాడేవాళ్లం. తెలుగు పేరును కన్నడలో విని రాసి, దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి దించేసరికి ఒక్కోసారి పేరు గుర్తు పట్టలేనట్టు అవుతుంది. మా వీధిలో ఇంటిపేరు మూడు రకాలుగా ఉన్న అన్నదమ్ములు ఉన్నారు.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. మన మైసూరు రాజ్యంలో 1881లోనే దివాన్ రంగాచార్లు ప్రజాప్రతినిధి సభ పెట్టించారు. రాజుల పాలనలో అది పెద్ద విషయమే. కాని అందులో కూర్చున్నది భూమి శిస్తు బాగా కట్టే రైతులు, వ్యాపారస్తులు. కూలి చేసుకొనేవాళ్లకు అందులో చోటు లేదు. కట్టిన పన్నే ఆ రోజుల్లో మనిషికి గుర్తింపు కార్డు అనుకోవచ్చు.

అందరికీ ఓటు అనేది స్వాతంత్ర్యం వచ్చాకే. నాకు ఆశ్చర్యం వేసింది ఏమంటే, రాజ్యాంగం ఇంకా రాస్తూ ఉండగానే, 1948లోనే, ఓటర్ల జాబితా పని మొదలుపెట్టేశారు. రాజ్యాంగ సభ కార్యాలయం నుంచి అన్ని రాష్ట్రాలకూ, సంస్థానాలకూ ఉత్తరాలు పోయాయి. 21 ఏళ్లు నిండినవాళ్ల పేర్లు ఇల్లిల్లూ తిరిగి రాయమన్నారు. చిరునామా విషయంలో ఒక షరతు పెట్టారు. ఏడాదిలో కనీసం 180 రోజులు ఆ ఊర్లో ఉండి ఉండాలి. వినేకి బాగానే ఉంది కదా? కాని అప్పుడే దేశం రెండయ్యి లక్షల మంది ఇల్లు వాకిలి వదిలి ఇటు వచ్చేశారు. శరణార్థి శిబిరాల్లో, బడుల్లో, రైల్వే స్టేషన్ల దగ్గర ఉన్నవాళ్లు 180 రోజులు ఎక్కడ చూపిస్తారు? కొన్ని చోట్ల అధికారులు వాళ్ల పేర్లు రాయలేదు. శరణార్థుల సంఘాలు ఢిల్లీకి అర్జీలు పెట్టాయి. అప్పుడు ఢిల్లీ నుంచి జవాబు వచ్చింది: ఈ ఊర్లోనే స్థిరంగా ఉండాలనుకుంటున్నాను అని మనిషి ప్రకటన ఇస్తే చాలు, ఎన్ని రోజులైందని లెక్క చూడొద్దు, పేరు రాసుకోండి అని. అంటే చిరునామా లేని మనిషి మాటనే చిరునామాగా తీసుకున్నారు. నేను చదివిన దాంట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. పాఠ్యపుస్తకంలో ఇది లేదు, పెట్టాలని నా అభిప్రాయం.

అట్ల తయారైన జాబితాలో 17 కోట్ల 30 లక్షలకు పైగా పేర్లు ఉండినాయి. 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి వరకు మొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. 1951 జనాభా లెక్కల ప్రకారం నూటికి 18 మందికే చదువు వచ్చు. కార్డులు లేవు, ఫోటోలు లేవు. అందుకే ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. ఓటరు ఫలానా మనిషే అని ఎవరు చెప్పాలి? ఊరివాళ్లే చెప్పాలి. ఓటర్లను గుర్తు పట్టేందుకు ఊరి ఉద్యోగులను, తెలిసినవాళ్లను బూత్‌లో కూర్చోబెట్టుకొనే వీలు ఇప్పటి నియమాల్లో కూడా ఉంది. అభ్యర్థుల ఏజెంట్లు బూత్‌లో కూర్చొనేది కూడా ముఖ్యంగా అందుకే.

ఆ మొదటి జాబితాలో ఒక పెద్ద బాధ కూడా ఉంది. చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానా ఆయన భార్య, ఫలానా ఆయన కూతురు అని మాత్రం రాయించారు. మొదటి ఎన్నికల ప్రధాన కమిషనర్ సుకుమార్ సేన్ గారు దీనికి ఒప్పుకోలేదు. పేరు లేనిదే ఓటరు కాదు అన్నారు. మళ్లీ పోయి పేర్లు అడగమని గడువు ఇచ్చారు. అయినా చెప్పనివాళ్లను తీసేశారు. అట్ల పోయినవి దగ్గర దగ్గర 28 లక్షల పేర్లు, ఎక్కువ భాగం ఉత్తరాది రాష్ట్రాల్లోవి. ఆయన చేసింది సరేనా? మా క్లాసులో దీని మీద పెద్ద వాదమే జరిగింది. అమ్మాయిలం ఎక్కువ మంది సరే అన్నాం. ఎందుకంటే ఆ గట్టిదనం వల్లే తరువాతి ఎన్నికలకు ఆడవాళ్లు సొంత పేరుతో జాబితాలోకి వచ్చారు. కాని ఆ ఒక్క ఎన్నికలో ఓటు పోగొట్టుకున్న 28 లక్షల మందికి ఆ జవాబు ఏం చేస్తుంది అని ఒక స్నేహితురాలు అడిగింది. దానికి ఎవరమూ గట్టిగా సమాధానం చెప్పలేకపోయాం.

ఒకే మనిషి రెండుసార్లు ఓటు వేయకుండా చేసింది కార్డు కాదు, సిరా. మొదటి ఎన్నికల్లోనే 3,89,816 సీసాల సిరా వాడారు. 1962 ఎన్నికల నుంచి దేశమంతటికీ ఆ సిరా చేసేది మన మైసూరులోని ప్రభుత్వ కంపెనీయే, మైసూర్ పెయింట్స్ అండ్ వార్నిష్. 1937లో నాల్వడి కృష్ణరాజ ఒడెయర్ కాలంలో లక్కతో సీలు వేసే మైనం, రంగులు చేసేకి పెట్టిన ఫ్యాక్టరీ అది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సిరా ఫార్ములా ఇచ్చింది. అందులో ఉండే సిల్వర్ నైట్రేట్ చర్మం మీద ఉప్పుతో కలిసి, వెలుతురు తగిలితే నల్లబడుతుంది. కడిగితే పోదు, గోరు పెరిగితేనే పోతుంది. బయటి దేశాలు కూడా మైసూరు నుంచి కొనుక్కుంటాయి. సిరా ఎవరి ఊరు ఏదని అడగదు, మతం అడగదు, ఇల్లు సొంతమా బాడుగా అని అడగదు. ఈ వేలు ఈ రోజు ఓటేసింది అని మాత్రం చెప్తుంది.

ఫోటో కార్డు చాలా ఆలస్యంగా వచ్చింది. 1960లో కలకత్తా నైరుతి నియోజకవర్గం ఉప ఎన్నికలో మొదట ప్రయత్నించారు. మగ ఫోటోగ్రాఫర్ ముందు నిలబడేకి చాలామంది ఆడవాళ్లు ఒప్పుకోలేదు. ఇళ్లలో లేనివాళ్లు ఎందరో. చాలామందికి కార్డు ఇవ్వలేక ఆ ప్రయత్నం వదిలేశారు. మళ్లీ దేశమంతా కార్డులు ఇవ్వాలని 1993 ఆగస్టులో ఆదేశం ఇచ్చింది టి.ఎన్.శేషన్ గారు. కార్డులు ఇవ్వకపోతే ఎన్నికలే జరపను అని ఆయన ప్రభుత్వాలను భయపెట్టారంట. ఎన్నికలు ఆగలేదు కాని కార్డులు మాత్రం వచ్చాయి. మా అవ్వ కార్డు ఆ తొలి రోజులదే. ఇప్పుడు ఓటరు కార్డు లేకపోయినా ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫోటో ఉన్న బ్యాంకు లేక పోస్టాఫీసు పాస్ పుస్తకం, డ్రైవింగ్ లైసెన్సు లాంటి వాటిలో ఏదో ఒకటి చూపించి ఓటు వేయవచ్చు. ఇంటికి తెచ్చి ఇచ్చే ఓటరు చీటీ ఒక్కటే చూపిస్తే మాత్రం 2019 నుంచి చెల్లదు. పెద్దలు ఈ ఒక్కటి గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ చీటీ ఉంటే చాలు అని చాలామంది అనుకుంటారు.

బూత్‌లో జరిగేది ఇది. మొదటి అధికారి కార్డు చూసి, జాబితాలో వరుస నంబరు, పేరు గట్టిగా చదువుతాడు. ఏజెంట్లకు వినపడాలని అట్ల చదవాలి. రెండో అధికారి ఎడమ చూపుడు వేలికి సిరా పెట్టి, రిజిస్టరులో సంతకమో వేలిముద్రో తీసుకుంటాడు. తరువాత మిషన్. ఇందులో ఎక్కడా "ఈ ఇంట్లోనే ఉంటున్నావా?" అనే ప్రశ్న లేదు. ఈ మనిషి ఆ మనిషి కాదు అని ఏజెంటుకు అనుమానం వస్తే రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పవచ్చు. అవును, ఇప్పటికీ రెండు రూపాయలే! అప్పుడు ప్రిసైడింగ్ అధికారి విచారించేది కూడా మనిషి ఎవరు అన్న సంగతే. అభ్యంతరం ఊరికే గిట్టక పెట్టిందని తేలితే ఆ రెండు రూపాయలు పోతాయి. మన పేరుతో ఇంకెవరో ముందే ఓటు వేసేసి ఉంటే, మనమే అసలు మనిషి అని రుజువు చేస్తే, వేరే కాగితం మీద ఓటు తీసుకొని కవరులో పెడతారు.

అయితే చిరునామా ఎక్కడ చూస్తారు? మన గడప దగ్గర, ఎన్నికలకు చాలా నెలల ముందు. బూత్ స్థాయి అధికారి, అంటే చాలా ఊర్లలో మన టీచరో అంగన్‌వాడీ మేడమో, జాబితా పట్టుకొని ఇల్లిల్లూ వస్తారు. ఎవరు ఉన్నారు, ఎవరు చనిపోయారు, ఎవరు ఊరు వదిలారు అని రాసుకుంటారు. బూత్‌లో అయితే ఏజెంట్లు ఉంటారు, పోలీసులు ఉంటారు, పేరు గట్టిగా చదువుతారు. గడప దగ్గర ఎవరూ ఉండరు. తలుపు వేసి ఉంటే, పక్కింటివాళ్లు "వాళ్లు బెంగళూరు పోయినారు" అంటే, ఆ ఒక్క మాటతో కథ మారిపోవచ్చు.

మా తాలూకా నుంచి కట్టడం పనికి, ఫ్యాక్టరీ పనికి బెంగళూరు పోయేవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లు ఏ ఊరివాళ్లు? చట్టంలో దీనికి జవాబు ఉంది. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సాధారణంగా నివసించే చోటే పేరు ఉండాలి అంటుంది. 20వ సెక్షన్‌లో రెండు మాటలు ఉన్నాయి. ఒక ఊర్లో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివసించేవాడు కాడు. కొన్నాళ్లు బయటికి పోయినంత మాత్రాన నివసించేవాడు కాకుండా పోడు. కాని ఎన్ని నెలలు పోతే కొన్నాళ్లు అంటాం? అది చట్టంలో అంకెలతో లేదు. అధికారి, పక్కింటివాళ్లు, మన అదృష్టం కలిసి నిర్ణయిస్తాయని నాకు అనిపించింది.

మా అమ్మకు జరిగింది ఇట్లాంటిదే. అమ్మ పుట్టిల్లు ఆంధ్రాలో, మదనపల్లె వైపు ఒక పల్లె. మా వైపు సగం పెళ్లిళ్లు అట్లే, హద్దుకు ఇటూ అటూ. పెళ్లయ్యాక చాన్నాళ్లు అమ్మ పేరు పుట్టింటి జాబితాలోనే ఉండింది. 2018 కర్ణాటక ఎన్నికలకు ముందు ఇక్కడికి మార్చమని అర్జీ ఇచ్చింది. అక్కడ "పెళ్లై పోయింది" అని పేరు తీసేశారు. ఇక్కడ జాబితాలోకి రాలేదు. పోలింగు రోజు కార్డు, ఆధార్, రేషన్ కార్డు మూడూ చేతిలో పెట్టుకొని పోయింది. అమ్మ ఎవరో బూత్‌లో ఉన్న అందరికీ తెలుసు, ఎక్కడ ఉంటుందో కూడా తెలుసు. జాబితాలో లేదు కాబట్టి వెనక్కి పంపేశారు. వాళ్ల తప్పు అనలేం, నియమం అదే. రెండు రాష్ట్రాల మధ్య ఒక మనిషి పేరు జారిపోయింది. తరువాత మళ్లీ అర్జీ ఇచ్చి 2019 ఏప్రిల్ 18న లోక్‌సభకు ఓటు వేసింది. ఇప్పుడు మార్పులన్నిటికీ ఫారం 8 ఒక్కటే. కొత్తగా చేరేకి ఫారం 6. ఎవరి పేరు మీదనైనా అభ్యంతరం ఉంటే, తీసేయాలంటే ఫారం 7.

అమ్మ ఒక్కతే కాదు. తెలంగాణలో 2015లో ఆధార్‌తో జాబితా శుభ్రం చేసే కార్యక్రమం జరిగింది. ఆ ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు ఆధార్ మీద ఉత్తర్వు ఇచ్చాక దాన్ని ఆపేశారు, కాని అప్పటికే లక్షల పేర్లు పోయాయి. 2018 డిసెంబరు 7న పోలింగు కేంద్రాలకు పోయినవాళ్లలో ఎందరికో పేర్లు లేవు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల కూడా తన పేరు లేదని ఆ రోజే బహిరంగంగా చెప్పారు. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పారు. క్షమాపణ మంచిదే, కాని పోలింగు అయిపోయింది కదా.

ఇంకో వైపు కూడా చెప్పాలి. జాబితాలో చనిపోయినవాళ్లు, ఊరు వదిలినవాళ్లు అట్లే ఉండిపోతే దొంగ ఓట్లకు దారి. 2025 ఆగస్టులో బెంగళూరు మహాదేవపురలో ఒక చిన్న ఇంటి చిరునామాలో డజన్ల కొద్దీ పేర్లు ఉన్నాయని పెద్ద గొడవ అయ్యింది. బాడుగకు వచ్చి పోయినవాళ్ల పేర్లు చెరగకుండా ఉండిపోవడం నగరాల్లో మామూలే. అదే ఏడాది బీహార్‌లో జాబితాను మొత్తం మళ్లీ పరిశీలించారు. ముసాయిదాలో 65 లక్షల పేర్లు లేవు. ఎవరెవరివి, ఎందుకు తీశారు అని కారణాలతో సహా అందరికీ కనపడేటట్టు పెట్టమని సుప్రీంకోర్టు ఆగస్టు 14న చెప్పింది. 1995లోనే లాల్‌బాబు హుస్సేన్ కేసులో అదే కోర్టు, ఒకసారి జాబితాలోకి ఎక్కిన మనిషి పేరును నోటీసు ఇవ్వకుండా, అతని మాట వినకుండా తీసేయకూడదని తీర్పు ఇచ్చింది. నా అభిప్రాయంలో జాబితా శుభ్రం చేయాల్సిందే, కాని తీసేసే ప్రతి పేరుకూ ఒక మనిషి ముఖం చూసి అడగాలి.

బూత్‌లోనే చిరునామా అడిగే దేశాలు ఉన్నాయా అని వెతికాను. ఇంగ్లండులో 2023 వరకు కార్డే అక్కరలేదు, పేరు, చిరునామా నోటితో చెప్తే బ్యాలెట్ ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ఫోటో కావాలి. అమెరికాలో నార్త్ డకోటా అనే రాష్ట్రం గుర్తింపు కార్డు మీద ఇంటి వీధి చిరునామా ఉండాల్సిందే అంది. అక్కడి ఆదివాసీల పల్లెల్లో చాలా ఇళ్లకు వీధి పేరూ లేదు, నంబరూ లేదు. వాళ్ల ఉత్తరాలు పోస్టాఫీసు పెట్టెకు వస్తాయి. 2018 ఎన్నికల ముందు తెగల ప్రభుత్వాలు రాత్రింబగళ్లు కొత్త కార్డులు అచ్చు వేసి పంచాయి. 2020లో రాష్ట్రం వాళ్లతో రాజీకి వచ్చింది. ఇది చదివినప్పుడు మా ఊరి శివారులో ఇళ్లు గుర్తొచ్చాయి. వాటికి నంబరు ఉందో లేదో కాని, "చింతచెట్టు కాడ ఇల్లు" అంటే పోస్టుమ్యాన్ నేరుగా పోతాడు. మన జాబితాల్లో ఇంటి నంబరు లేనివాళ్లకు సున్నా వేసిన చోట్లు ఉన్నాయి. సున్నా చూసి దొంగ ఓటు అనుకొనే ముందు అట్లాంటి ఇళ్లను ఒకసారి చూసి రావాలి.

మరి ఇల్లే లేనివాళ్లు? మా ఊరి దర్గాకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, కొందరు ఇక్కడే ఉండిపోయి బతుకుతున్నారు. వాళ్లకు ఏ కాగితం చూపించాలో అని నేను అనుకునేదాన్ని. ఎన్నికల సంఘం నియమం ఇట్ల ఉంది: ఇల్లు లేని మనిషి ఫారం 6లో తాను పడుకొనే చోటు రాస్తే, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట అక్కడికి పోయి చూడాలి. ఒక్క రాత్రి చూసి వదిలేయకూడదు, ఒకటి కన్నా ఎక్కువ రాత్రులు పోవాలి. ఆ మనిషి అక్కడే పడుకుంటున్నట్టు కనిపిస్తే, వేరే ఏ కాగితమూ అడగకుండా పేరు రాసుకోవాలి.